కారిపోయిన లైపోజోమ్‌లు: నా అనుభవం

రౌండ్ బాటమ్ ఫ్లాస్క్‌ను ట్యూబ్‌లైట్ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అడుగున పొర ఉందా లేదా అని కళ్ళు చిట్లించుకుని చూడడంతో నా పీహెచ్‌డీ మొదలైందంటే అబద్ధం కాదు. పది మిల్లీగ్రాముల లిపిడ్, అంటే ఒక రకం కొవ్వు, ఆ గాజు గోడకు పరుచుకుంటే ఏం కనపడుతుంది? నెయ్యి గిన్నె తోమినా ఇంకా వదలని జిడ్డులాగా, ఒక పక్కకు వంచితే మసకగా మెరుస్తుంది, ఇంకో పక్కకు వంచితే మాయమైపోతుంది. ఆ జిడ్డులోంచే బుడగలు రావాలి. ఒక్కొక్కటి వంద నానోమీటర్ల బుడగ. మామూలు మైక్రోస్కోప్‌లో కూడా కనపడదు.

ఈ బుడగనే లైపోజోమ్ అంటారు. ఆ మాట నేను మొదట విన్నది క్లాసులో కాదు. 2021 మే నెలలో మా పెదనాన్నకు కోవిడ్ తగ్గిందనుకున్న పది రోజులకు కంటి కింద వాపు వచ్చింది. బ్లాక్ ఫంగస్ అన్నారు. లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ బి అని డాక్టర్ చీటీ రాసిచ్చారు. వయల్‌లో ఉండేది 50 మిల్లీగ్రాములు, ఇవ్వాల్సింది కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకు ఆరు వయల్స్, అదీ వారాల తరబడి. దేశమంతా దానికి కటకటగా ఉన్న రోజులవి. అన్నయ్య గుంటూరు నుంచి విజయవాడకు, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు మందుల షాపుల చుట్టూ తిరిగాడు. మామూలు ఆంఫోటెరిసిన్ వాడకూడదా అని అడిగితే, అది కిడ్నీల మీద దెబ్బ కొడుతుందన్నారు. మందు అదే. దాన్ని కొవ్వు పొరలో ఇమిడ్చి ఇస్తే కిడ్నీలకు ఆ దెబ్బ చాలావరకు తప్పుతుందట. పెదనాన్న బతికారు, ఒక కన్ను పోయింది. ఆ కొవ్వు పొర ఏమిటో చూడాలన్న పట్టుదల నాకు అక్కడ పట్టుకుంది. మైక్రోబయాలజీ చదివినదాన్ని వెళ్ళి వెళ్ళి కణాల పొరల మీద పనిచేసే మెంబ్రేన్ ల్యాబ్‌లో చేరడానికి వేరే కారణం చెప్పలేను.

నాకిచ్చిన పని పైకి చిన్నదే. బ్యాక్టీరియాను చంపే ఒక పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలాంటిది, ఉంది. అది పొరకు చిల్లు పెడుతుందా లేదా తేల్చాలి. అసలు బ్యాక్టీరియాలో సవాలక్ష ప్రోటీన్లుంటాయి కాబట్టి, ఏ ప్రోటీనూ లేని ఉత్తి లిపిడ్ బుడగలు చేసి, వాటిలో కాల్సీన్ అనే రంగు నింపి, పెప్టైడ్ వేసి, రంగు బయటికొస్తుందేమో చూడాలి. కాల్సీన్‌లో ఒక తమాషా ఉంది. 70 మిల్లీమోలార్ దాకా చిక్కగా ఉంటే దాని వెలుగును అదే మింగేసుకుంటుంది. బుడగ చిల్లుపడి బయటి నీళ్ళలో పలచబడగానే పచ్చగా వెలుగుతుంది. వెలుగు పెరిగిందంటే బుడగ కారుతోందని లెక్క.

మొదటి రోజే తిట్లు తిన్నాను. లిపిడ్ క్లోరోఫాంలో కరిగించిన స్టాక్‌గా వస్తుంది. అలవాటు కొద్దీ మైక్రోపిపెట్‌కు ప్లాస్టిక్ టిప్ తగిలించి లాగాను. క్లోరోఫాం నీళ్ళలా టిప్‌లో నిలబడదు. దాని ఆవిరే దాన్ని కిందికి తోసేస్తుంది. వయల్ నుంచి ఫ్లాస్క్ దాకా జానెడు దూరం తీసుకెళ్ళేలోగా నాలుగు చుక్కలు ఫ్యూమ్ హుడ్‌లో బల్ల మీద పడ్డాయి. సీనియర్ అక్క చూడనే చూసింది.

"ఏమ్మా, క్లోరోఫాంకు ప్లాస్టిక్ టిప్పా? కారింది సరే, ప్లాస్టిక్‌లోంచి ఏం కరిగి నీ లిపిడ్‌లో కలిసిందో ఎవరికి తెలుసు?"

అప్పటినుంచి గాజు సిరంజే. వాడే ముందు మూడుసార్లు, వాడాక మూడుసార్లు క్లోరోఫాంతో కడగాలి. మూతలకు లోపల టెఫ్లాన్ ఉండాలి. ఇంకో నియమం, స్టాక్ వయల్‌ను మైనస్ ఇరవై ఫ్రీజర్‌లోంచి తీయగానే మూత తిప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. లేకపోతే గాలిలో చెమ్మ చల్లటి వయల్ లోపలికి దిగి లిపిడ్‌ను పాడుచేస్తుంది. ఈ ఒక్కటీ నాకు ఎవరూ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. తడి చెయ్యి, తడి గరిటె ఆవకాయ జాడీ దరిదాపుల్లోకి రానివ్వని ఇంట్లో పెరిగినదాన్ని. పని అయ్యాక వయల్‌లోకి కాస్త ఆర్గాన్ ఊది మూత పెట్టడం, జాడీ మూతికి గుడ్డ కట్టడం నాకు ఒకేలా అనిపిస్తాయి.

నేను వాడినవి పీఓపీసీ, పీఓపీజీ అనే రెండు లిపిడ్‌లు, మూడింటికి ఒకటి పాళ్ళలో. బ్యాక్టీరియా పొర మీద రుణావేశం ఉంటుంది. పీఓపీజీ వేసేది అందుకే. ఇంకో సుగుణం, ఇవి రెండూ సున్నాకు కాస్త కిందే గడ్డకట్టే రకాలు, కాబట్టి మామూలు గది వేడిలో పొర మెత్తగా, ప్రవాహంలా ఉంటుంది. అదే డీపీపీసీ అనే ఇంకో లిపిడ్ అయితే 41 డిగ్రీల దాకా బిర్రబిగుసుకునే ఉంటుంది. నెయ్యికీ నువ్వుల నూనెకూ ఉన్న తేడా అది. ఏ లిపిడ్ వాడినా, అది కరిగే వేడికి పైనే పని చేయాలి.

రోటావేపర్ మీద ఫ్లాస్క్ తిరుగుతుంటే క్లోరోఫాం ఆవిరై గోడకు పొర పడుతుంది. తొందరపడి వాక్యూమ్ ఒక్కసారిగా తిప్పితే క్లోరోఫాం పొంగి, పొర పలచగా పరుచుకోకుండా ముద్దలు కడుతుంది. నాకు మూడుసార్లు ముద్దలే వచ్చాయి. నాలుగోసారి పడిన పొర మీద వేలిముద్రంత మరక కూడా లేదు. అక్క చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు. ఆ ఫ్లాస్క్‌ను రాత్రంతా వాక్యూమ్‌లో పెడతాం. కంటికి పొడిగా కనపడినా క్లోరోఫాం ఇంకా లోపల నక్కి ఉంటుంది.

పొద్దున్నే వచ్చి కాల్సీన్ ద్రావణం ఒక మిల్లీలీటరు పోసి, తిప్పుతూ, అప్పుడప్పుడూ గిరగిరా కుదిపే వోర్టెక్స్ మీద పెడుతూ ఉంటే గోడకున్న పొర ఊడి వస్తుంది. ఉత్తి బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ఉప్పు నీళ్ళు) పోస్తే ఇది పలచటి మజ్జిగలా ఉంటుంది. కాల్సీన్‌తో అయితే చిక్కటి ముదురు నారింజ రంగులో ఏమీ అర్థం కాదు. ఇక్కడ మనం చేసేదంటూ పెద్దగా ఏమీ లేదు. లిపిడ్‌కు తల ఒకటి, తోకలు రెండు. తలకు నీళ్ళంటే ప్రాణం, తోకలకు నీళ్ళు పడవు. నీళ్ళు తగలగానే తోకలను లోపల దాచుకుంటూ రెండు వరసలుగా పేరుకుంటాయి. ఆ రెండు వరసల పలక అంచుల దగ్గర తోకలు మళ్ళీ నీళ్ళకు తగులుతాయి కాబట్టి, అంచులు లేకుండా చేసుకోవడానికి పలక వంగి బంతిలా మూసుకుంటుంది.

1960ల మొదట్లో కేంబ్రిడ్జ్ దగ్గర బాబ్రహామ్‌లో అలెక్ బాంగ్‌హామ్ అనే శాస్త్రవేత్త చూసింది ఇదే. నీళ్ళలో నానిన ఫాస్ఫోలిపిడ్‌ను హోర్న్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే ఉల్లిపాయ పొరల్లాంటి బంతులు కనపడ్డాయి. 1964లో ఆ బొమ్మలు అచ్చయ్యాయి. మొదట్లో ఆయన పేరు మీదే సరదాగా బాంగోసోమ్‌లు అని పిలిచేవారట. లైపోజోమ్ అన్న పేరు తర్వాత గెరాల్డ్ వైస్‌మన్ పెట్టాడు. ఆ పేరే నిలిచింది, మంచిదే అయింది. డాక్టర్ చీటీ మీద బాంగోసోమల్ ఆంఫోటెరిసిన్ అని ఉంటే మా అన్నయ్య షాపుల్లో పలకలేక చచ్చేవాడు.

అయితే నాకు ఉల్లిపాయలు అక్కర్లేదు, ఒక్క పొర బుడగలు కావాలి. అందుకు ముందు ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించి, వెంటనే గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, ఇలా పదిసార్లు. ఆ తర్వాత ఎక్స్‌ట్రూడర్.

ఈ ఎక్స్‌ట్రూడర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, నా బొటనవేళ్ళ మీద ఒట్టు. ఎదురెదురుగా రెండు గాజు సిరంజ్‌లు, మధ్యలో తెల్లటి టెఫ్లాన్ దిమ్మె. దాని లోపల వంద నానోమీటర్ల రంధ్రాలున్న పాలికార్బనేట్ పొర, రెండు పక్కలా దానికి దన్నుగా ఫిల్టర్ కాగితాలు. ఈ సిరంజ్‌లోంచి ఆ సిరంజ్‌లోకి, మళ్ళీ ఆ సిరంజ్‌లోంచి ఇందులోకి నెట్టాలి. మొదటి రెండు మూడుసార్లు గోడను నెట్టినట్టే ఉంటుంది. వేళ్ళు తెల్లబడతాయి. గట్టిగా నొక్కితే సిరంజ్ పగులుతుంది, మెల్లగా నొక్కితే కదలదు. ఏడెనిమిది సార్లు అయ్యాక చేతికి తేలిక తెలుస్తుంది. నెమ్మదిగా తేలికైతే ఉల్లిపాయలు చీలి చిన్నవవుతున్నాయని. ఉన్నట్టుండి ఒక్కసారిగా తేలికైపోతే మాత్రం పొర చిరిగిందని. రెంటికీ తేడా కంటికి కనపడదు, బొటనవేలికి తెలుస్తుంది. నేను మొదట్లో చిరిగినదాన్ని "అబ్బ, బాగా వస్తోంది" అనుకుని ఇరవై ఒక్కసార్లూ పూర్తి చేశాను.

ఇరవై ఒకటే ఎందుకు అని మా గైడ్ సార్‌ను అడిగాను. పదకొండైనా ఫర్వాలేదు, ముప్ఫై ఒకటైనా ఫర్వాలేదు, బేసి సంఖ్య కావాలన్నారు. మనం పోసిన సిరంజ్ మూలల్లో పొర దాటని పెద్దవి కొన్ని మిగిలే ఉంటాయి. బేసి సంఖ్యలో ఆపితే సరుకు ఎదుటి సిరంజ్‌లో తేలుతుంది, అవి కలవవు. అమ్మకు ఫోన్‌లో చెబితే, "కట్నాల్లో నూట పదహార్లు పెట్టినట్టా?" అంది. కాదని చెప్పాను, ఆమె నమ్మలేదు. పైగా నూట పదహారు సరి సంఖ్య.

రంగు లేకుండా చేసినప్పుడు ఈ మార్పు చూడ్డానికి బాగుంటుంది. మజ్జిగలా ఉన్నది కాస్తా బియ్యం కడిగిన నీళ్ళలా పలచబడి, చివరికి నీలి ఛాయతో దాదాపు తేటగా వస్తుంది. సైజు కొలిచే డీఎల్ఎస్ యంత్రంలో పెడితే 118 నానోమీటర్లు, సైజుల్లో తేడా ఎంతో చెప్పే పీడీఐ 0.07. వంద రంధ్రంలోంచి నూట పద్దెనిమిది ఎలా వచ్చిందని కంగారు పడ్డాను. బుడగ సాగి దూరుతుంది, అంత రావడం మామూలేనట. వంద నానోమీటర్ల బుడగ ఒక్కదాంట్లో ఎనభై వేల నుంచి లక్ష దాకా లిపిడ్ అణువులుంటాయి. కూర్చుని లెక్కేసి చూశాను, నిజమే.

ఇక్కడిదాకా రెండు నెలలు. అసలు కథ ఇప్పుడు మొదలైంది.

బయట మిగిలిన కాల్సీన్‌ను సెఫడెక్స్ అనే జెల్ పూసలు నింపిన కాలమ్‌లో వేరు చేస్తాం. బుడగలు పెద్దవి కాబట్టి ముందు దిగిపోతాయి, విడి రంగు వెనక నింపాదిగా వస్తుంది. ముందు దిగిన వాటిని పట్టుకుని, వెలుగును కొలిచి గీత గీసే ఫ్లోరిమీటర్‌లో పెట్టాను. పెప్టైడ్ ఇంకా వేయలేదు. గీత అడ్డంగా, కదలకుండా ఉండాలి. నా గీత పైకి ఎక్కుతోంది. మెల్లగా, సిగ్గు లేకుండా ఎక్కుతోంది. చివర్లో ట్రైటాన్ అనే సబ్బులాంటిది వేసి బుడగలన్నీ పగలగొట్టి నూటికి నూరు శాతం ఎంతో చూసుకుంటే, పెప్టైడ్ రాకముందే సగం పైగా కారిపోయినట్టు తేలింది.

ఆరు వారాలు ఇదే. లిపిడ్ పాతబడిందేమోనని కొత్త వయల్ తెరిచాను. కొత్త వయల్ అంటే మా ల్యాబ్‌లో సంతకాల వ్యవహారం. ఫ్లోరిమీటర్‌లో పెట్టే చిన్న గిన్నె, క్యూవెట్‌లో సబ్బు మిగిలిందేమోనని ఆమ్లంతో కడిగాను. పాలికార్బనేట్ పొరల కొత్త పెట్టె తీశాను. కాలమ్ మార్చాను. ల్యాబ్‌లో నన్ను "కారే అమ్మాయి" అనడం మొదలుపెట్టారు, నవ్వుతూనే. హాస్టల్‌లో రాత్రి పడుకుంటే కళ్ళ ముందు ఆ పైకెక్కే గీతే. సార్ ప్రతి సోమవారం మీటింగ్‌లో "కంట్రోల్ ఎలా ఉంది?" అని అడిగేవారు. పెప్టైడ్ వేయకుండా చూసేదే కంట్రోల్. కంట్రోల్ తప్ప అన్నీ బాగున్నాయి సార్ అనలేను కదా.

ఒక మధ్యాహ్నం పక్క ల్యాబ్ అన్న ఒకాయన టీ తాగుతూ యథాలాపంగా అడిగాడు.

"లోపలెంత, బయటెంత చూశావా?"

"ఏంటన్నా ఎంత?"

"ఆస్మోలారిటీ."

నీళ్ళలో అన్నీ కలిపి ఎన్ని అణువులు, అయాన్లు కరిగి ఉన్నాయన్న కొలత అది. చూడలేదు. ప్రోటోకాల్ కాగితంలో బఫర్ పేరు మాత్రమే ఉంది. పది మిల్లీమోలార్ హెపెస్ అనే బఫర్ రసాయనం, యాభై మిల్లీమోలార్ ఉప్పు. ఎప్పుడో ఎవరో ఇంకో రంగుతో చేసినప్పటి కాగితం, జిరాక్స్ మీద జిరాక్స్. వాళ్ళ ల్యాబ్‌లో ఆస్మోమీటర్ ఉంది. రెండూ తీసుకెళ్ళి పెట్టాను. కాల్సీన్ ద్రావణం 284 మిల్లీఆస్మోల్స్, బయటి బఫర్ 117.

అక్కడే నిలబడి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాల్సీన్ ఉత్తి నీళ్ళలో సరిగా కరగదు, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేస్తూ కరిగించాలి. అంటే ఒక్కో కాల్సీన్ అణువు వెంట మూడు నాలుగు సోడియం అయాన్లు లెక్కలోకొస్తాయి. డెబ్భై మిల్లీమోలారే కదా అనుకుంటూ ఉన్నాను, అక్కడ ఉన్నది దానికి నాలుగింతలు. లోపల అంత చిక్కన, బయట అంత పలచన. కిస్‌మిస్‌లు నీళ్ళలో నానేస్తే ఏమవుతుందో నా బుడగలకూ అదే అయింది. నీళ్ళు లోపలికి దూరి ఉబ్బాయి. కిస్‌మిస్ తోలు సాగుతుంది. లిపిడ్ పొర మాత్రం నూటికి నాలుగైదు పాళ్ళు సాగేసరికే తెగుతుంది. తెగి, కాస్త కారి, మళ్ళీ మూసుకుని, మళ్ళీ ఉబ్బి. వాటి తప్పేం లేదు, ఆరు వారాలు నేనే వాటిని నానబెట్టాను.

ఉప్పు యాభై నుంచి నూట నలభైకి పెంచాను. ఆస్మోమీటర్‌లో 281 వచ్చింది. ఆ సాయంత్రం గీత పడుకుంది. గంటసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను, లేస్తుందేమోనని. లేవలేదు. అప్పుడు పెప్టైడ్ వేశాను. పాము పడగెత్తినట్టు లేచింది. పీఓపీజీ తీసేసి కొలెస్టరాల్ కలిపిన బుడగల్లో, అంటే మన కణాల పొరలాంటి వాటిలో, అదే పెప్టైడ్ దాదాపు ఏమీ చేయలేదు. సార్‌కు మెసేజ్ పెడితే బొటనవేలి గుర్తు ఒక్కటి వచ్చింది. నా బొటనవేళ్ళ కష్టం ఆయనకు తెలుసనుకున్నాను.

తర్వాత పెద్ద బుడగలకు మారాను. ఇవి పది ఇరవై మైక్రోమీటర్లు ఉంటాయి, మైక్రోస్కోప్‌లో ఎదురుగా కనపడతాయి. కనపడని వాటితో ఏడాది కాపురం చేశాక ఇది పండగే. పద్ధతి 1986లో బల్గేరియాలో అంగెలోవా, దిమిత్రోవ్ చెప్పినదే. కరెంటు పారే పూత ఉన్న రెండు గాజు పలకల మీద లిపిడ్ పలచగా పూసి, మధ్యలో పంచదార నీళ్ళు పోసి, పది హెర్ట్జ్ దగ్గర ఒక వోల్టు అటూ ఇటూగా రెండు గంటలు ఏసీ కరెంటు ఇవ్వాలి. పూత ఏ పక్క ఉందో కంటికి తెలియదు, మల్టీమీటర్ పెట్టి చూసుకోవాలి. ఒకసారి నేను పలక తిరగేసి పెట్టి రెండు గంటలు ఉత్తి గాజుకు కరెంటిచ్చాను. అది ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెబుతున్నా.

లోపల సుక్రోజ్, అంటే ఆ పంచదారే, మూడు వందల మిల్లీమోలార్, బయట గ్లూకోజ్ మూడు వందలు. ఈసారి రెండూ ముందే ఆస్మోమీటర్‌లో పెట్టాననుకోండి. సుక్రోజ్ బరువు కాబట్టి బుడగలు కిందికి దిగి గాజు మీద కుదురుకుంటాయి, చూడ్డం తేలిక.

మే నెలలో ఒకరోజు మెత్తగా ఉండే డీఓపీసీ, బిగుసుకునే డీపీపీసీ సమపాళ్ళలో వేసి, నూటికి ముప్ఫై పాళ్ళు కొలెస్టరాల్ కలిపి చేశాను, రవ్వంత ఎర్ర రంగుతో. అరవై డిగ్రీల ఓవెన్‌లో చేసి, చల్లార్చి చూస్తే, ఎర్రటి బంతి మీద నల్లటి గుండ్రటి మచ్చలు తిరుగుతున్నాయి. రంగు మెత్తటి భాగంలోనే ఉంటుంది. డీపీపీసీ, కొలెస్టరాల్ ఒక జట్టుగా చేరిన చోట రంగు దూరదు, అందుకే నలుపు. రెండు మచ్చలు ఎదురుపడి, ఒక క్షణం ఆగి, పులుసులో నూనె చుక్కల్లా ఒకటైపోతున్నాయి. వీడియో తీద్దామని కెమెరా సర్దుతుండగా బిల్డింగ్‌లో ఏసీ పోయింది. అరగంటకు గది ముప్ఫై మూడు డిగ్రీలు. తిరిగి చూస్తే ఒక్క మచ్చ లేదు, అన్నీ నున్నటి ఎర్ర బంతులు. లైటుకు లిపిడ్ పాడైపోయిందనుకున్నాను, అలా కూడా అవుతుంది. అక్క వచ్చి చూసి, "పాడవలేదు, కరిగింది. ఈ కలయిక ముప్ఫై దాటితే కలిసిపోతుంది. ఏసీ వచ్చేదాకా ఆగు," అంది.

ఏసీ వచ్చేసరికి ఏడున్నర అయింది. ఎనిమిదింటికి ఒక బంతి మీద సన్నగా పొక్కుల్లా మొదలై, చూస్తుండగానే మచ్చలై, తిరగడం మొదలెట్టాయి.

ఆ వీడియో అమ్మకు పంపాను. అరగంట తర్వాత ఫోన్ చేసింది.

"ఏమే, ఉడికిన సగ్గుబియ్యంలా ఉన్నాయే ఇవి. వీటికేనా ఇంతకాలం?"

"వీటికే."

"పెదనాన్నకు ఎక్కించినవి ఇవేనా?"

అవి ఇంతకంటే చాలా చిన్నవి, కనపడవు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వీడియోను పెదనాన్నకు పంపనా అని అడిగింది.